ముద్ద, చూపు, భుజం – విజ్ఞానశాస్త్రం శ్రామికునికి ఏమి ఇచ్చినది?

(సూరత్ సమీపాన కోసాడ్‌లో జరిగిన తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం ఈనాడు సమావేశమైన ఈ కోసాడ్ చిన్న స్టేషను. వేగంగా పోయే పెద్ద బండ్లు దీని వంక చూడకుండానే సాగిపోతాయి. కాని మన రైల్వేల చరిత్రలో ఈ నేలకు ఒక స్థానం ఉన్నది. బొంబాయి, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే వారు 1860లో ప్రారంభించిన తొలి మార్గం అంకలేశ్వర్ నుండి మన పక్కనున్న ఉత్రాణ్ వరకు 29 మైళ్ళ పొడవున సాగినది. ఆ తొలి పట్టాలు కోసాడ్ మీదుగానే పోయినవి. ఆ పట్టాలను ఎత్తిన భుజాలు ఎవరివో ఏ పుస్తకంలోను వ్రాసిలేదు.

ఈ సూరత్ ప్రాంతానికి తెలుగువారు కొత్తవారు కారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుండి బ్రతుకుతెరువు కోసం వచ్చిన నేత కుటుంబాలు ఇక్కడి మరమగ్గాల మీద పని చేస్తున్నవి. ఆ మగ్గాల మీద పుట్టిన బట్ట చీరల మూటలై, పార్సెళ్ళై దేశమంతటికీ పోతున్నది. ఆ మూటను బండికెక్కించేది, ఆ పార్సెలును గుమ్మం వరకు చేర్చేది మనమే.

ఉద్యోగుల సభలో విజ్ఞానశాస్త్రం గురించి ప్రసంగమేమిటి, కరువుభత్యం గురించి చెప్పరాదా అని కొందరు మిత్రులు మమ్ములను అడిగినారు. కరువుభత్యం గురించి మన సంఘాలు మాట్లాడుతూనే ఉన్నవి, మాట్లాడుతూనే ఉంటవి. అయితే మనం తినే ముద్ద మీద, మనలను చూసే యంత్రపు చూపు మీద, మనం బరువు మోసే భుజం మీద ప్రయోగశాలలలో ఏమి జరుగుచున్నదో తెలియనివాడు తన కోర్కెను సరిగా వ్రాసుకొనలేడు. అందుచేత ఈనాడు మేము మూడు విషయాలు మనవి చేస్తాము. మూటిలోను ఒకటే ప్రశ్న వేస్తాము: ఈ పరిశోధన ఎవరి బరువును తగ్గించినది?

ముద్ద

మొదటి విషయం ఆహారాన్ని శుద్ధిచేసి నిలువచేసే శాస్త్రం. దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. ఈ పట్టాల వెంటనే ఉత్తరంగా వడోదర దాటితే ఆనంద్ వస్తుంది. 1945లో బొంబాయి పాల పథకం ఆరంభమైన తరువాత ఆనంద్ పాలు రైలు మీదనే, ఈ కోసాడ్ మీదుగానే బొంబాయికి పోయినవి. పాలు పోసిన రైతుకు మాత్రం దక్కినది స్వల్పం. 1946లో ఖేడా జిల్లా రైతులు తమ సహకార సంఘాన్ని స్థాపించుకొన్నారు.

వారికొక చిక్కు వచ్చినది. చలికాలంలో గేదెలు సమృద్ధిగా పాలిస్తాయి. పట్టణం అన్ని పాలు కొనదు. మిగిలిన పాలను పొడిగా మార్చి నిలువ ఉంచుకొనవలెను. కాని గేదె పాలను పొడి చేయుట సాధ్యం కాదని విదేశీ నిపుణులు తేల్చి చెప్పినారు. వారి యంత్రాలు, వారి లెక్కలు అన్నీ ఆవు పాలకు ఏర్పడినవి. గేదె పాలలో కొవ్వు ఎక్కువ, మాంసకృత్తులు ఎక్కువ. హరిచంద్ మేఘా దలాయా అనే ఇంజనీరు ఆనంద్‌లోనే ప్రయోగాలు చేసి అది సాధ్యమని నిరూపించినారు. ముందుగా పాలలోని నీటిలో చాలా భాగాన్ని ఆవిరి చేసి చిక్కబరుస్తారు. ఆ చిక్కని పాలను వేడిగాలి నిండిన పెద్ద గదిలోనికి సన్నని తుంపరగా చిమ్ముతారు. తుంపర నేల చేరులోపలనే తడి ఆరి పొడి రాలుతుంది. 1955 అక్టోబరు 31న ప్రధాని నెహ్రూ ఆనంద్‌లో ఆ కర్మాగారాన్ని ప్రారంభించినారు.

ఇక్కడ మనం గమనించవలసినది ఒకటి ఉన్నది. సాధ్యం కాదన్న మాట ప్రకృతి చెప్పినది కాదు. వేరొక దేశపు పాల మీద పరీక్షించినవారు చెప్పినది. మన గేదెను, మన రైతును ముందు పెట్టుకొని పరిశోధించినప్పుడు సమాధానం మారినది. ఆ కర్మాగారం రైతుల సంఘానిదే కాబట్టి లాభం రైతు ఇంటికి చేరినది. ప్రయోగశాల ఒక్కటే ఈ పని చేయలేదు, సంఘం ఒక్కటే చేయలేదు. రెండూ కలిసినవి.

తెలుగు నేల మీద కూడ పాలకు, పట్టాలకు ఉన్న బంధం తెగలేదు. 2020 మార్చిలో దేశమంతా స్తంభించిన రోజులలో రేణిగుంట నుండి ఢిల్లీ హజ్రత్ నిజాముద్దీన్‌కు పాల ట్యాంకర్లతో దూద్ దురంతో ప్రత్యేక బండ్లు సుమారు 2,300 కిలోమీటర్లు నడిచినవి. జనం ఇళ్ళలో ఉన్నప్పుడు ఆ బండిని నడిపినవారు, పట్టాలు కాచినవారు బయటనే ఉన్నారు.

ఇక మన సద్దిమూట సంగతి. ఇక్కడి గుజరాతీ సోదరులకు బాజ్రా రొట్లో ఎట్లో, మన మెట్ట ప్రాంతాలవారికి సజ్జ రొట్టె అట్లు. సజ్జ గింజ నెలల తరబడి నిలువ ఉంటుంది. అదే పిండి ఆడించితే కొద్ది రోజులకే చేదెక్కుతుంది. మన తల్లులు ఏ పూటకాపూట విసరుకొన్నది ఇందుకే. గింజలో కొవ్వు ఒక చోట, దానిని విడగొట్టే ఎంజైము వేరొక చోట ఉంటాయి. మరపట్టినప్పుడు రెండూ కలుస్తాయి. కొవ్వు విడిపోయి, గాలి సోకి కమురు వాసన పుడుతుంది. గింజను పిండి చేయకముందే కొద్దిసేపు ఆవిరి మీద గాని, మరిగే నీటిలో గాని ఉంచి ఆరబెట్టితే ఆ ఎంజైము నశిస్తుంది, పిండి ఎక్కువ కాలం నిలుస్తుంది. హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు 2022లో ఇంకొక మెట్టు ఎక్కినారు. కొవ్వును విడగొట్టే ఎంజైములు సహజంగానే సరిగా పనిచేయని సజ్జ రకాలను గుర్తించి, వాటి పిండి తక్కువగా చేదెక్కుతున్నదని ప్రకటించినారు.

రాత్రి డ్యూటీ చేసేవానికి, రోజంతా పట్టాల వెంట నడిచేవానికి ఇది చిన్న విషయం కాదు. రన్నింగ్ రూములలోను, క్యాంటీనులలోను మైదా తప్ప మరొకటి దొరకకపోవుటకు సజ్జ పిండి నిలువ ఉండదన్న సాకు ఇక చెల్లదు.

చూపు

రెండవ విషయం మసకబారిన చిత్రాన్ని స్పష్టం చేసే శాస్త్రం. ఇది మనకు సంబంధం లేనిదని అనుకొనవద్దు. దీని పుట్టుకలో తపాలా ఉద్యోగికి భాగం ఉన్నది.

కంప్యూటరుకు చిత్రమంటే అంకెల పట్టిక. నలుపునకు 0, తెలుపునకు 255, నడుమ ఉన్నవన్నీ బూడిద ఛాయలు. పొగమంచులో తీసిన సిగ్నలు చిత్రంలో అంకెలన్నీ 100కు 140కి నడుమ ఇరుక్కొని ఉంటాయి. అందుకే కంటికి తేడా ఆనదు. ఆ అంకెలను 0 నుండి 255 వరకు సాగదీసి పరచినచో సిగ్నలు స్తంభం, దాని చేయి విడివిడిగా కనబడతాయి. 1964లో రేంజర్ 7 నౌక పంపిన చంద్రుని చిత్రాలను అమెరికా శాస్త్రజ్ఞులు ఇటువంటి కంప్యూటరు లెక్కలతోనే దిద్దినారు. ఎక్స్‌రే ఫిల్మును స్పష్టం చేసే పద్ధతి కూడ ఈ కుటుంబానిదే.

తరువాతి మెట్టు, యంత్రం తానే చదువుట. మన దేశంలో 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చినది. తపాలా శాఖ అధికారి శ్రీరామ్ భికాజీ వెలంకర్ దానిని రూపొందించినారు. మొదటి అంకె 3 అయితే గుజరాత్, రాజస్థాన్ వైపు. 5 అయితే తెలుగు రాష్ట్రాలు, కర్ణాటక వైపు. 1989లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో యాన్ లెకూన్, ఆయన సహచరులు చేతివ్రాత అంకెలను గుర్తించుటకు యంత్రానికి శిక్షణ ఇచ్చినారు. శిక్షణకు, పరీక్షకు వారు వాడినవి బఫెలో తపాలా కార్యాలయం గుండా పోయిన ఉత్తరాల మీది 9,298 అంకెలు. ఇందాక చెప్పిన గేదె కాదు, బఫెలో ఒక నగరం పేరు. నేడు ప్రపంచమంతా కృత్రిమ మేధ అని చెప్పుకొంటున్న విద్యకు తొలి పాఠాలలో ఒకటి ఉత్తరాల కవర్ల మీదనే జరిగినది.

యంత్రం చదువుటను మేము వ్యతిరేకించడం లేదు. రాత్రంతా మసక దీపం క్రింద కళ్ళు పొడుచుకొని సార్టింగు చేసినవారికి ఆ కష్టం తెలుసును. కాని 3ను 5గా చదివితే సూరత్‌లో పంచవలసిన ఉత్తరం మన కరీంనగర్ దారి పడుతుంది. ఆ తప్పుకు సంజాయిషీ ఎవరు ఇవ్వవలెను?

ఇక్కడ ఒక భేదాన్ని మీరు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. మసక చిత్రాన్ని స్పష్టం చేయుటలో రెండు మార్గాలున్నవి. మొదటిది, ఉన్న అంకెలను సాగదీసి చూపుట. ఇది లేనిదానిని కల్పించదు. రెండవది ఇటీవలి మార్గం. వేలకు వేల చిత్రాలు చూసిన యంత్రం, లేని వివరాన్ని తన అనుభవం నుండి ఊహించి నింపుతుంది. చిత్రం అందంగా ఉంటుంది. నిజమా అన్నది వేరు ప్రశ్న. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఒక పద్ధతికి అమెరికా మాజీ అధ్యక్షుడు బరాక్ ఒబామా మసక ఫోటోను ఇచ్చినచో, అది స్పష్టమైన తెల్లజాతి మనిషి ముఖాన్ని ఇచ్చినది. 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీజెల్ మరొక వింత కనుగొన్నారు. జిరాక్స్ సంస్థవారి కొన్ని స్కానింగు యంత్రాలు కాగితం మీది 6ను 8గా మార్చి ప్రతి తీస్తున్నవి. మసక లేదు, మరక లేదు, అంకె మాత్రం వేరు. ఆ సంస్థ లోపాన్ని సవరించవలసి వచ్చినది.

మనీఆర్డరు ఫారం మీద 6 బదులు 8 వచ్చినదనుకొనండి. ప్లాట్‌ఫారం మీది కెమెరా బొమ్మను ‘స్పష్టం చేసి’, విధి నిర్వహణలో లోపం చేసినది ఇతడే అని ఛార్జిషీటు ఇచ్చినారనుకొనండి. బొమ్మ స్పష్టంగా ఉన్నది కదా అని విచారణాధికారి అంటారు. ఎవరి స్పష్టత అది? కెమెరా చూసినదా, యంత్రం ఊహించినదా?

ఇది అనవసరపు భయం కాదు. బ్రిటన్‌లో 1999కి 2015కి నడుమ 900 మందికి పైగా ఉప తపాలా అధిపతులు దొంగతనం, తప్పుడు లెక్కలు మొదలైన నేరాలకు శిక్షలు పొందినారు. హొరైజన్ అనే కంప్యూటరు విధానం చూపిన లోటు లెక్కలే వారికి ఉరితాళ్ళైనవి. ఇళ్ళు పోయినవి, పరువు పోయినది, కొందరి ప్రాణాలు పోయినవి. ఆ విధానంలో లోపాలున్నవని 2019లో హైకోర్టు తేల్చినది. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఆ శిక్షలను రద్దు చేసినది. ఒక్కొక్కరిని విడదీసి, ఇట్లా జరిగినది నీకొక్కనికే అని నమ్మించినంత కాలం వారు ఓడిపోయినారు. తమవంటివారు అనేకులున్నారని తెలిసి ఒకచోట చేరినప్పుడు న్యాయానికి దారి ఏర్పడినది.

కాబట్టి మన కోర్కె సులభమైనది. ఏ విచారణలోనైనా యంత్రం దిద్దిన చిత్రాన్ని సాక్ష్యంగా చూపినచో, దిద్దకముందు ఉన్న అసలు చిత్రాన్ని ఉద్యోగికి ఇవ్వవలెను. ఏ పద్ధతితో దిద్దినారో వ్రాతపూర్వకంగా చెప్పవలెను. ఈ మాటలు అడుగుటకు శాస్త్రజ్ఞుడు కానవసరం లేదు.

భుజం

మూడవ విషయం భుజం. ఈ సభలో కూర్చున్నవారిలో చొక్కా తొడుగుకొనుటకు ఉదయం ఎడమచేయి సాయం కావలసినవారు ఎందరో చేతులెత్తి చెప్పమని మేము అడగము. చేయి ఎత్తుటయే కష్టమైనవారున్నారు కదా!

తపాలా సంచి ఒకే భుజానికి వ్రేలాడుతుంది. కీమాన్ భుజాన సుత్తి, స్పానరు ఉంటాయి. పార్సెలు ఆఫీసులో మూట నేల మీది నుండి లేచి, మెలి తిరిగి, వ్యాగను లోనికి పోతుంది. భుజపు కీలులో గిన్నె లోతు తక్కువ. చిన్న పళ్ళెం మీద పెట్టిన నిమ్మకాయ వలె ఎముక తల దానిమీద నిలుస్తుంది. జారకుండా పట్టి ఉంచేవి నాలుగు చిన్న కండరాలు, వాటి స్నాయువులు. చేయి అన్ని దిక్కులకు తిరుగుతున్నదంటే ఆ ఏర్పాటు వల్లనే. తొందరగా నొప్పి పడుతున్నదన్నా ఆ ఏర్పాటు వల్లనే.

రెండవ రకం బాధ, భుజం బిగుసుకొనిపోవుట. నలభై నుండి అరవై ఏళ్ళ వయసులో ఎక్కువగా వస్తుంది. మధుమేహం ఉన్నవారిలో మరీ ఎక్కువ. కీలు చుట్టూ ఉన్న పొర దళసరెక్కి ముడుచుకొంటుంది. మొదట నొప్పి, తరువాత బిగువు, ఆ తరువాత నెమ్మదిగా సడలింపు. ఇదంతా ఒకటి నుండి మూడేళ్ళు పట్టవచ్చును. బోస్టన్ వైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్ 1934లో దీనికి ‘గడ్డకట్టిన భుజం’ అని పేరు పెట్టినారు. ఆయన పేరు మీద ప్రసిద్ధమైన వ్యాయామం నేటికీ చేయిస్తున్నారు. ముందుకు వంగి, బాగున్న చేతిని బల్ల మీద ఆనించి, నొప్పి చేతిని బావి చేద వలె వదులుగా వ్రేలాడనిచ్చి, చిన్న చిన్న వలయాలుగా ఊపవలెను. భుజం బలంతో తిప్పరాదు. ఒంటి ఊపుతో చేయి తానే తిరగవలెను.

ఇటీవలి పరిశోధనలు ఏమి చెప్పినవి? బ్రిటన్‌లో జరిగిన మూడు పెద్ద పరీక్షలను మనవి చేస్తాము. మూడూ లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చినవి. 2018లో, భుజపు ఎముక కొన క్రింద చోటు పెంచే శస్త్రచికిత్సను 313 మందిపై పరీక్షించినారు. కొందరికి నిజమైన శస్త్రచికిత్స, కొందరికి గొట్టం పెట్టి చూసి ఊరుకొనుట, కొందరికి ఏ చికిత్సా లేకుండుట. నిజమైన దానికి, ఉత్తుత్తి దానికి తేడా లేదు. చికిత్స లేనివారి కంటే కలిగిన మేలు కూడ రోగికి లెక్కకు వచ్చేంతటిది కాదు. 2020లో, బిగుసుకొన్న భుజం గల 503 మందిపై మూడు చికిత్సలను పోల్చినారు. ఒకటి ఇంజెక్షనుతో కూడిన ఫిజియోథెరపీ, రెండవది మత్తు ఇచ్చి కీలును వంచుట, మూడవది గొట్టంతో పొరను కోయుట. ఏదియు మిగిలినవాటి కంటే గణనీయంగా మేలని తేలలేదు. 2021లో, స్నాయువుల నొప్పి గల 708 మందిలో కొందరికి ఫిజియోథెరపిస్టు ఆరుసార్ల వరకు వ్యాయామం నేర్పినారు. కొందరికి ఒక్కసారి శ్రద్ధగా సలహా చెప్పి ఇంట చేసుకొనమన్నారు. ఏడాది పొడుగునా చూసినా రెంటికీ తేడా కనబడలేదు. స్టిరాయిడ్ ఇంజెక్షను దీర్ఘకాలంలో అదనపు మేలు చేయలేదు.

ఇది శ్రామికునికి శుభవార్త. అప్పుచేసి కోత పెట్టించుకొనుటకు ముందు, ఒక మంచి ఫిజియోథెరపిస్టు గంట సమయం, ఇంట చేసే వ్యాయామం, ఓపిక – ఇవి ముందు రావలెను. అయితే క్రింద పడి దెబ్బ తగిలి చేయి ఒక్కసారిగా లేవనప్పుడు, జ్వరంతో కీలు వాచినప్పుడు వెంటనే వైద్యుని చూడవలెను. భుజం నొప్పితో పాటు రొమ్ము బరువు, చెమటలు ఉన్నప్పుడు క్షణం ఆలస్యం చేయరాదు. అది గుండెకు సంబంధించినది కావచ్చును.

కాని మిత్రులారా, ఆనంద్ గేదె పాలను మరువవద్దు. ఈ పరీక్షలు బ్రిటన్ రోగుల మీద జరిగినవి. ‘ఇంటికి పోయి వ్యాయామం చేసుకొనుము’ అన్న సలహా, మరునాడు ఉదయం మళ్ళీ అదే మూటను ఎత్తవలసినవానికి ఎంతవరకు వర్తిస్తుంది? చికిత్స సగం ఫిజియోథెరపిస్టు వద్ద ఉన్నది, మిగిలిన సగం డ్యూటీ రోస్టరులో ఉన్నది.

బరువు విషయంలో కూడ శాస్త్రం మాట్లాడినది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధనా సంస్థ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఎత్తదగిన బరువు 23 కిలోలు. ఆ బరువును ఒంటికి దగ్గరగా, 25 సెంటీమీటర్లలో పట్టుకొన్నప్పుడే ఈ మాట. 50 సెంటీమీటర్ల దూరాన పట్టుకొన్నచో అది సగమై 11.5 కిలోలకు దిగుతుంది. మెలి తిరిగితే, పదేపదే ఎత్తితే ఇంకా తగ్గుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో గరిష్ఠ బరువుపై 127వ ఒడంబడికను ఆమోదించినది. దానితో వచ్చిన సిఫారసు వయోజన పురుషునికి 55 కిలోలు మించరాదన్నది. మన దేశం 2010లో ఆ ఒడంబడికను ధ్రువీకరించినది. 55కు 23కు నడుమ ఉన్న దూరమే మన భుజాల మీద పడుతున్న బరువు.

మరి మన సోదరులు నొప్పిని ఎందుకు దాస్తున్నారు? మేము ఎరిగిన ఒక గ్యాంగ్‌మన్ రెండేళ్ళు భుజం నొప్పిని భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వైద్య పరీక్షలో అన్‌ఫిట్ అంటారేమో, ఉద్యోగం పోతుందేమో అన్న భయం. ఆ రెండేళ్ళలో చేయి చెవి దాకా లేవకుండా పోయినది. మొదటి నెలలో చెప్పి ఉంటే తేలికపాటి పని, వ్యాయామం సరిపోయి ఉండేవేమో! ఆయనకు తెలియనిది ఒకటి ఉన్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షను ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం పొందిన ప్రభుత్వ ఉద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. ఆ పనికి తగకపోతే అదే వేతన శ్రేణిలో వేరొక పనికి మార్చవలెను. అట్టి పోస్టు లేకపోతే అదనపు పోస్టులో ఉంచవలెను. ఈ సంగతి ప్రతి గ్యాంగుకు, ప్రతి సార్టింగు సెక్షనుకు తెలియజేయుట శాఖా కార్యదర్శుల బాధ్యత.

ముగింపు

చెప్పినదానిని క్రోడీకరిస్తాము. ఒకటి: రన్నింగ్ రూములలో, క్యాంటీనులలో సజ్జ, జొన్న వంటకాలు దొరకవలెను. రెండు: యంత్రం దిద్దిన చిత్రం సాక్ష్యమైనచో, అసలు చిత్రం మన చేతికి రావలెను. మూడు: ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఫిజియోథెరపిస్టు ఉండవలెను, భుజం నొప్పి తొలి దశలోనే తేలికపాటి డ్యూటీ ఇవ్వవలెను. నాలుగు: సంచి, మూట బరువులను శాస్త్రీయంగా తూచి తగ్గించవలెను. వీటిలో ఏదియు గొంతెమ్మ కోరిక కాదు. ప్రతిదాని వెనుక ఎవరో తలలు వంచి చేసిన పరిశోధన ఉన్నది.

ఈ సాయంకాలం ఇంటికి పోయిన తరువాత ఒక్క పని చేయండి. గోడకు ఆనుకొని నిలబడి రెండు చేతులూ పైకెత్తి చూడండి. రెండూ సమంగా లేచినచో సంతోషం. ఒకటి వెనుకబడినచో దాచవద్దు. వైద్యునికి చెప్పండి, సంఘానికీ చెప్పండి. 1860లో ఈ నేల మీద పట్టాలు మోసిన భుజాల గురించి ఎవరూ వ్రాయలేదు. మన భుజాల గురించి మనమే వ్రాసుకొందాము.